సూదులు తీసేదాకా

మాట్లాడకూడదట. ఫోను బ్యాగులో పెట్టేయాలట. కుర్చీ కిర్రుమనకుండా కూర్చోవాలట. సూదులు చెవుల్లో ఉన్నంతసేపూ గదిలో ఉన్నవాళ్ళ ఊపిరి కూడా నెమ్మదిగా నడవాలని చెప్పి, తలుపు దగ్గరగా వేసి, అడుగుల చప్పుడైనా లేకుండా అవతలి గదిలోకి వెళ్ళిపోయింది సూదులేసే ఆవిడ. నా ఊపిరి నా ఇష్టం అందామనుకున్నాను. అనలేదు. రేపు పొద్దున్న పిల్లకి పరీక్ష పెట్టుకుని ఇవాళ ఎవరితోనూ గొడవ పడనని మా ఆయనకి మాటిచ్చి వచ్చాను. అందుకని గోడవారగా ఉన్న ఈ స్టూలు మీద, వీపు ఆనించుకోవడానికి ఏ ఆసరా లేకుండా, ఎదురుగా వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్న కూతుర్ని చూస్తూ కూర్చున్నాను. రెండు చెవుల్లోనూ వెంట్రుకంత సన్నటి సూదులు. ట్యూబులైటు వెలుగు వాటి చివర్ల మీద పడి వణుకుతోంది. ఇక్కణ్ణుంచి చూస్తే చెవులకి మీసాలు మొలిచినట్టున్నాయి. ఒకప్పుడైతే మా బుల్లి ఈ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నేనేమన్నా ముందు నా మొహంలోకి చూస్తుంది, ఈ మాట వెనకాల ఇంకేం మాట దాచానోనని.

సూదులు నాకు కొత్త కాదు. నేను చేసే పనే అది. ల్యాబులో రక్తం తీస్తాను. పరగడుపున, చిరాకు పడుతూ, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వచ్చేవాళ్ళ మోచేతి మడతలో నరం వెతికి పట్టుకోవడంలో నాకు కాస్త పేరుంది. 'ఆ కళ్ళద్దాలావిడ లేరా, ఆవిడ వచ్చేదాకా కూర్చుంటాం' అనే పెద్దవాళ్ళున్నారు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే, అంటాను అందరితోనూ. అబద్ధమని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు, అయినా ఆ మాట వింటే చెయ్యి వదులవుతుంది. అలాంటిదాన్ని పక్కన నిలబడి, ఇంకొకావిడ నా పిల్ల చెవులు పట్టుకుని గుచ్చుతుంటే చూశాను. తప్పు దొరక్కపోతుందా అని ఆవిడ చేతుల్నే చూశాను. చేతులు కడుక్కుందా, కడుక్కుంది. కొత్త ప్యాకెట్టు చింపిందా, చింపింది. దూదితో తుడిచాక ఆరనిచ్చిందా, ఆరనిచ్చింది. వేళ్ళు తడబడ్డాయా అంటే లేదు. అదే నా మంట. ఏ చిన్న పొరపాటు చేసినా బుల్లిని లేపి ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఆవిడ 'చీమ కుట్టినట్టుంటుంది' అని కూడా అనలేదు. 'నొప్పెడుతుందమ్మా, కాసేపు' అంది. బుల్లి తలాడించింది. అదే మాట నేను అనుంటే, నన్ను భయపెట్టకు అనేది కాదూ.

ఇదంతా మా వదిన చలవ. మా ఆయనకి అక్క. ఆవిడకి తెలియని వైద్యం లేదు, ఆవిడ నడుంనొప్పికి కుదిరిన వైద్యమూ లేదు. 'చెవికి సూదులేస్తే పిల్లల బెదురు పోతుందట, మా మేడ మీది వాళ్ళమ్మాయి వేయించుకుని చక్కగా రాసొచ్చింది, నువ్వు దేన్నీ నమ్మవు గనక నీకు చెప్పి లాభం లేదు, తమ్ముడికి చెప్తా ఫోనియ్యి' అంది. మా ఆయన స్పీకరు పెట్టి విన్నాడు. 'చెవిలో పువ్వులు పెట్టేవాళ్ళని చూశాం గానీ అక్కా, సూదులా' అన్నాడు. ఆవిడ నవ్వలేదు. 'పిల్ల బతుకురా అది, వేళాకోళం కాదు' అంది. అంతే, ఆయన సర్దుకున్నాడు. ఆ మాట దగ్గర మేమందరం సర్దుకుంటాం. తేనె కలిపిన పాలు, గాలి పీల్చి వదిలే క్లాసు, ఫోనులో కెరటాల చప్పుడు, ఎదురింటి మాస్టారి ధైర్యవచనాలు, అన్నీ ఆ ఒక్క మాట మీదే ఇంట్లోకి వచ్చాయి, ఆ పిల్ల మీదుగా నడిచి వెళ్ళిపోయాయి. ఒక్కోటి వెళ్ళిపోయినప్పుడల్లా పిల్ల కాస్త నలిగింది. అది మాత్రం ఎవరూ అనరు.

కిందటేడు ఇదే పరీక్షలో ఏమైందో తనెప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా నేను చూశాను కదా. గేటు బయట, ఎండలో, నాలాంటి అమ్మలూ నాన్నలూ నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డ గుంపులో నిలబడ్డాను. లోపల గంట కొట్టారు, గుంపంతా ఒక్కసారిగా మాటలాపేసింది. ఇక ఇప్పట్లో ఎవరూ రారని పక్కావిడ గొడుగు తెరిచి నన్ను కూడా కిందికి రమ్మంది. ఆవిడ గొడుగు కింద ఆవిడ కొడుకు లెక్కల గురించి వింటున్నాను. ఆ మెట్ల మీద, ఎవరూ రాకూడని వేళ, ఒక్క పిల్ల దిగి వస్తోంది. అట్ట చంకలో పెట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ. ఎవరి పిల్లో పాపం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఎవరి పిల్లో పాపం అని. నడక చూసి గుర్తుపట్టాను. గేటు దగ్గరికి వచ్చి 'ఇంటికెళ్దాం' అంది. నేనేమన్నాను? 'ఏమైంది, వెనక్కి వెళ్ళు, ఇంకా టైముంది, వెళ్ళు' అన్నాను. గుంపంతా మా వైపు చూస్తోంది. గొడుగావిడ గొడుగు కాస్త పక్కకి జరిపింది, దారిచ్చినట్టు. అప్పట్నుంచి మా ఇంట్లో టీవీ గొంతు తగ్గింది, తలుపులు చప్పుడు లేకుండా మూసుకోవడం నేర్చుకున్నాయి. బుల్లి మళ్ళీ చదివింది. ఏడాది పొడుగునా చదివింది. తలుపు వేసుకుని చదువుతున్న ఆ గది బయట పళ్ళెం పట్టుకుని ఎన్నిసార్లు నిలబడ్డానో. మొన్న, ఎక్కడికెళ్ళి రాయాలో చెప్పే హాల్ టికెట్టు వచ్చిన రోజున, అన్నం కలుపుకుంటూ అంది, 'ఇదే చివరిసారి నాన్నా. రాయలేకపోతే ఇంక అడక్కండి. నువ్వు దిగబెట్టు చాలు. అమ్మ వద్దు.' అమ్మ వద్దు. నేను పక్కనే ఉన్నాను, పెరుగు వడ్డిస్తున్నాను. గరిట ఆగలేదు నాది. ఆయన కంచంలో పెరుగు పొంగి అంచు దాటేదాకా వేశాను.

గోడ మీద పెద్ద చెవి బొమ్మ ఒకటి అంటించి పెట్టింది ఈవిడ. చెవిలో పసిబిడ్డని గీశారు, తల కిందికి, కాళ్ళు పైకి. కడుపులో బిడ్డ ఎలా ఉంటుందో చెవిలో మనిషి అలాగే ఉంటాడట, తమ్మె తలకాయట, పైనున్న మడతలు కాళ్ళట, నడుమ గుంటలో గుండే ఊపిరితిత్తులూ. నమ్మే వాళ్ళకి ఎంత ముచ్చటగా ఉందో. నాకు మాత్రం నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. మా బుల్లి కడుపులో తలకిందులుగా లేదు. నెలలు నిండినా తిరగలేదు. కాళ్ళు కిందికి పెట్టి, బుర్ర నా పక్కటెముకల కింద ఆనించి కూర్చుంది, నేను రాను అన్నట్టు. డాక్టరు పొట్ట మీద చేతులు వేసి తిప్పబోతే గింజుకుంది. మా అమ్మ నా పక్కన కూర్చుని 'దానికి ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది, నువ్వు తోయకు' అంది. తోయకుండా ఎలా వస్తారమ్మా పిల్లలు అన్నాను నేను, ఆ నొప్పుల్లో కూడా. చివరికి కోసి తీశారు. ఈవిడ బొమ్మ లెక్కన, మా బుల్లిలా కూర్చున్న బిడ్డకి చెవిలో తల ఎక్కడుంటుంది? అడగాలి. అడిగితే వెటకారమంటారు.

కాసేపటి క్రితం ఆవిడ ప్రశ్నలు అడిగింది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, చేతులు చల్లబడతాయా. నేను జవాబు చెప్పబోయాను, అలవాటు కొద్దీ. ఆవిడ నా వైపు చూడకుండానే అరచెయ్యి చూపించింది, బస్సు ఆపినట్టు. 'పేపరు చేతికిచ్చాక ఏమవుతుందమ్మా?' అంది బుల్లితో. ఏమవుతుంది, మర్చిపోతుంది, అదే కదా ఏడాదిగా మేము ఊళ్ళో వాళ్ళందరికీ చెబుతున్నది. బుల్లి కాస్త ఆలోచించింది. 'మర్చిపోనండీ,' అంది. 'చదివింది ఎక్కడికీ పోదు. పక్క గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. లోపల అది తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది నాకు. తలుపు కొడుతూ కూర్చుంటాను. కొట్టేకొద్దీ తియ్యదు.' ఇంత మాట. ఇన్ని నెలల్లో నా ముందు ఇన్ని మాటలు వరసగా మాట్లాడని పిల్ల, మొహం తెలియని మనిషి ముందు, చెవులు అప్పజెప్పి, ఇంత మాట చెప్పింది. నాకు తెలియదే. నేను తలుపు బయట పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడల్లా లోపల అది ఇంకో తలుపు బయట నిలబడి ఉందన్నమాట. నాకెందుకు చెప్పలేదు? అడిగాను కదా, ఎన్నిసార్లు అడిగాను. ఎన్నిసార్లు అడిగాను, అదే కాబోలు. నన్ను అడిగే వాళ్ళెవరూ లేరు, నా చేతులూ చల్లబడతాయి, పొద్దున్నే ల్యాబులో ఆ చల్లటి వేళ్ళకే పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు.

బ్యాగులో ఫోను వణికింది. ఆయనే. అయిందా, అని రాసుంటాడు. ఆఫీసులో కూర్చుని గంటకోసారి అయిందా అని రాయడం తప్ప ఆయన కంగారుకి ఇంకో రూపం లేదు. అదృష్టవంతుడు. చల్లగా రాసి జేబులో పెట్టుకుంటాడు, రేపు గేటు దగ్గరికి ఆయనే వెళతాడు, ఆయన మొహం ఎండలో కూడా గోడలా ఉంటుంది. నేను ఇంట్లో గిన్నెలు తోముకోవాలి. తోమిన గిన్నెలే తోముకోవాలి.

బుల్లి నోరు కాస్త తెరుచుకుంది. నిద్రపోయింది. నమ్మలేక మెడ చాచి చూశాను. రెప్పల కింద కళ్ళు కదలడం లేదు, కిందిపెదవి వదులైంది, ఛాతీ నెమ్మదిగా లేచి దిగుతోంది. తెల్లవార్లూ దాని గదిలో లైటు వెలుగుతూ ఉండటమే గానీ ఈ మధ్య దాన్ని నిద్రలో చూసి ఎన్నాళ్ళయిందో. సూదుల వల్లో, మెత్తటి కుర్చీ వల్లో, పక్కన నేను నోరెత్తకుండా కూర్చోవడం వల్లో. ఈ చివరిది తట్టగానే నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు. కళ్ళు తిప్పుకుని ఆవిడ బల్ల మీది సామాన్లు చూశాను. మా ల్యాబులో లాంటి తెల్లటి ట్రే. దూది. వాడిన సూదులు వేసే డబ్బా, దానికి మూత సరిగ్గా ఉంది. పక్కనే ఒక చిన్న అట్ట మీద చదరపు ప్లాస్టర్లు, ఒక్కో ప్లాస్టరు నడుమ ఆవగింజంత నల్లటి గింజ. సూదులు తీశాక అవి చెవికి అంటిస్తుంది, ఇందాకే చెప్పింది. రేపు హాల్లో భయం వేస్తే వేలితో నొక్కుకోవాలి, ఎవరికీ కనిపించదు, పెన్ను పట్టుకోని చేత్తో చెవి సర్దుకున్నట్టు నొక్కుకోవాలి. బుల్లి శ్రద్ధగా విని, ఎలా నొక్కాలో గాలిలో నొక్కి చూపించింది కూడా. అసలు ఈవిడ దగ్గరికి రావడమే ఆ గింజల కోసం, సూదులు ఒక్క పూటవి, గింజలు హాల్లోకి తోడొస్తాయి, అని మా వదిన చెప్పింది.

హాల్లోకి.

కిందటేడు ఆ గేటు దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు కూర్చున్నారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి జేబులు తడిమారు, జుట్టు విప్పించారు, చిన్న టార్చి పెట్టి చెవుల్లోకి చూశారు. చెవుల్లోకి. వినిపించే మిషన్లు దాస్తారట, గింజంతవి. మా ముందు నిలబడ్డ పిల్లకి కమ్మ ఊడి రాలేదు. శీల బిగుసుకుపోయింది. వాళ్ళమ్మ కటకటాల ఇవతల నుంచి చేతులు దూర్చి తిప్పుతోంది, ఆ పిల్ల ఏడుస్తోంది, వెనక వరస అరుస్తోంది, ఎవరో సబ్బు తెచ్చారు. చివరికి తమ్మె ఎర్రగా కందిపోయి ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. అందుకే కదా నేను నెల్లాళ్ళ ముందే బుల్లి చేత కమ్మలు తీయించాను, క్లిప్పులు వద్దన్నాను, గుండీలు తక్కువున్న చొక్కా ఉతికి పెట్టాను. చెవులు బోసిగా ఉండాలని రోజూ చెప్పిందాన్ని నేను. ఆ బోసి చెవులకి గింజలు అంటించడానికి లీవు పెట్టి మరీ తీసుకొచ్చిందాన్నీ నేనే. వదిన బుర్రకి తట్టలేదు. ఆయన బుర్రకి తట్టలేదు. బుల్లికీ తట్టలేదు. ఇంత ఇల్లు, ఏడాదిగా ఇదే తప్ప ఇంకో మాట లేని ఇల్లు. రేపు ఆ టార్చి వెలుగులో ప్లాస్టరు కనిపిస్తుంది, ఏంటిది అంటారు, పక్కకి నిలబెడతారు, గోళ్ళతో పీకుతారు, ఇంకొకణ్ణి పిలుస్తారు. పక్క గదికి అక్కడే గడియ పడిపోతుంది, పేపరు చూడకముందే.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. లేచి అవతలి గదిలోకి వెళ్ళి చెబితే స్టూలు కిర్రుమంటుంది. పిల్ల లేస్తుంది. లేచి నా మొహం చూస్తుంది. నిద్రపోనీ. నిద్రపోనిచ్చి ఏం చేయను, సూదులు తీయగానే ఆవిడ ఆ అట్ట చేతిలోకి తీసుకుంటుంది. అప్పుడు చెబితే, చూశారా, చివరి నిమిషంలో అడ్డుపడింది అంటారు. చెప్పకుండా ఇంటికెళ్ళి రాత్రి పీకేస్తే? అప్పుడు రేపు హాల్లో చెవి తడుముకుంటుంది, ఉండదు. ఎలా తిప్పినా ఆ పిల్ల నిబ్బరం మీద చెయ్యి వేయాల్సింది నేనే. గేటు దగ్గర వెళ్ళు వెళ్ళు అన్నదీ నేనే, ఇప్పుడు వద్దు వద్దు అనాల్సిందీ నేనే. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వకూడదూ. ఆ గోడ లాంటి మనిషికి ఇవ్వకూడదూ.

తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి, బుల్లి భుజం తట్టి, ఒక్కో సూదీ తీసి డబ్బాలో వేసింది. ఎడం చెవి దగ్గర చిన్న రక్తపు చుక్క కనబడితే దూది అద్ది పట్టుకుంది. బుల్లి కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూస్తూ, 'నిద్రపోయానా?' అంది, ఎవరితో అని కాకుండా. గొంతు మెత్తగా ఉంది. ఆవిడ అట్ట తీసుకుంది.

"ఆగండి," అన్నాను.

బుల్లి కళ్ళు మూసుకుంది. "అమ్మా. మళ్ళీ మొదలెట్టావా."

"అది కాదే. రేపు గేటు దగ్గర చెవులు చూస్తారు. టార్చి వేసి మరీ చూస్తారు. ఇవి ఉంటే ఆపేస్తారు నిన్ను."

ఆవిడ చేతిలో అట్ట అలాగే ఉంది. "స్కూలు పరీక్షలకి ఎవరూ చూడరండీ," అంది నెమ్మదిగా. "నా దగ్గరికి వచ్చేది వాళ్ళే ఎక్కువ. ఇలాంటి పెద్ద పరీక్షకి... నాకు తోచలేదు." మొహం నిజంగానే చిన్నబోయింది. ఇందాకణ్ణుంచీ ఆవిడ తప్పు కోసం కాచుకుని కూర్చున్నానా, దొరికింది, దొరికితే నాకేం సంతోషం కలగలేదు. నేను బుల్లినే చూస్తున్నాను. ఇప్పుడు మొహం ముడుచుకుంటుంది, ఇప్పుడు లేచి గోడవైపు తిరుగుతుంది, ఇప్పుడు రాయను అంటుంది.

"టార్చి వేసి చూస్తే నల్లటి గింజలు," అంది బుల్లి. "చెవిలో మొలకలేస్తున్నాను సార్ అనాలి."

నవ్వింది. పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి వచ్చిన నవ్వు. ఆవిడ కూడా నవ్వబోయి నా వైపు చూసి ఆగింది.

"మరి రేపెలాగమ్మా?" అంది ఆవిడ.

బుల్లి లేచి కూర్చుంది. బోసి చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. వాటిని ఒకసారి తడుముకుంది. "మా అమ్మకి పెట్టండి," అంది.

"నాకెందుకే?"

"నిన్ను ఆపేవాళ్ళెవరూ లేరు కదా. నువ్వుండేది బయటే." దాని మొహంలో వేళాకోళం ఉందా అని చూశాను. ఉంది. వెనకాల ఇంకొకటి కూడా ఉంది, అది తనకీ పూర్తిగా తెలిసినట్టు లేదు. "రా, కూర్చో. నొప్పెడుతుంది, కాసేపు."

కుర్చీ ఇంకా దాని ఒంటి వేడితో ఉంది. ఆవిడ నా కళ్ళద్దాలు తీయించి, చెవి మడతలు వేలితో తడిమి, ఒక చోట నొక్కింది. ఇక్కడ నొప్పా అంది. లేదన్నాను. "అబద్ధం, కాళ్ళు ముడుచుకుంది," అంది బుల్లి. ఆవిడ అక్కడే అంటించింది. రక్తం తీయించుకునేవాళ్ళు ఎందుకు పక్కకి చూస్తారో తెలిసింది. నేనూ పక్కకి చూశాను, అటు బుల్లి ఉంది, నేను ఆవిడ చేతుల్ని చూసినట్టే ఆవిడ చేతుల్ని చూస్తూ.

డబ్బులిచ్చి బయటికి వచ్చాం. మెట్లు ఇరుకు. బుల్లి ముందు దిగుతోంది. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "రేపు రావచ్చులే," అంది. "గేటు దగ్గర వద్దు. రోడ్డుకి అవతల నిలబడు. నాన్న పక్కన."

"సరే."

"ఎవరి గొడుగు కిందికీ వెళ్ళకు. నాకు కనపడేలా ఉండు. నేను ముందే వచ్చేసినా ఏమీ అడగకు."

ముందే రావడమేంటి. ముందే ఎందుకొస్తావు, ఏడాదంతా చదివి, ఇంత దూరం వచ్చి, ముందే ఎందుకొస్తావే, అన్న మాట మొత్తం నాలుక మీదికి వచ్చేసింది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. నొక్కాను. ప్రాణం జివ్వుమంది. దాని అడుగుల చప్పుడు కిందికి వెళుతోంది, నేను ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, ఏమీ అడక్కుండా దిగాను.